మెడమీది చేయి ఎవరిది?

హైదరాబాదునందును, బెంగుళూరునందును, మరి కొన్ని నగరములందును ఇటీవల నొక క్రొత్త చికిత్సాలయముల బోర్డులు కానవచ్చుచున్నవి. వానిపై "కైరోప్రాక్టిక్" అని వ్రాసియుండును. రోగిని బల్లపై బోర్ల పరుండబెట్టి వెన్నుపూసలను చేతితో నదుముట, మెడను రెండుచేతులతో బట్టి యొక్కపెట్టున ద్రిప్పి చప్పుడు రప్పించుట యీ చికిత్సలోని ముఖ్యక్రియలు. ఆ చప్పుడును ఫోనులలో జూచి వినోదించువారు వేనవేలు గలరు. వినోదించినవారిలో గొందరు నడుమునొప్పి పట్టినప్పుడు ఆ బోర్డులను వెదకికొనుచు బోవుచున్నారు.

ఆ చేతిక్రింద దలయొగ్గువాడు మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న నొప్పి తగ్గునా తగ్గదా యనునది కాదు. ఈ చేయి యెవరిది? పరీక్షలలో నెగ్గి లైసెన్సు పొందినవానిదా? ఇంకను నేర్చుకొనుచున్న విద్యార్థిదా? విద్యార్థిదే యైనచో వాని వెనుక నిలిచి పూచీ వహించు గురువెవడు? మన దేశమున నేడీ ప్రశ్నలకు సూటియైన సమాధానము చెప్పు శాసనము లేదు. ఈ చికిత్స పుట్టిన అమెరికాలో నూరేండ్లకు పైబడి న్యాయస్థానములును శాసనసభలును వీనితోడనే పెనగులాడినవి. ఆ చరిత్రలో మనము నేర్వదగినదియు, విసర్జింపదగినదియు గూడ నుండుటచే నీ వారము దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

1895వ సంవత్సరమున అయోవా రాష్ట్రమందలి డావెన్‌పోర్టు పట్టణమున డేనియల్ డేవిడ్ పామర్ అను నతడు హార్వే లిల్లార్డు అను నొక పనివాని వెన్నుపూసను చేతితో నదిమి, వానికి బోయిన వినికిడిని మరల రప్పించితినని ప్రకటించెను. అప్పటివరకును పామర్ అయస్కాంతశక్తితో రోగములు కుదుర్తునని చెప్పుకొనుచుండినవాడు. చెవికి సంబంధించిన నరము వెన్నుపూసలగుండ బోవునది కాదని శరీరశాస్త్రము చెప్పుచున్నది గాని, ఆ సంగతి పామర్ ఉత్సాహమున కడ్డురాలేదు. రోగములలో నధికభాగమునకు పూసలు చోటు తప్పుటయే మూలమని యతడు సిద్ధాంతము చేసి, గ్రీకుభాషలో చేతికిని క్రియకును గల పదములను గూర్చి తన విద్యకు బేరు పెట్టి, రెండేండ్లలో బాఠశాలను గూడ స్థాపించెను. అనగా వైద్యమును, విద్యార్థులును దాదాపొకేసారి పుట్టిరి. శాసనము వచ్చినది చాలకాలమునకు.

1906లో లైసెన్సు లేక వైద్యము చేసెనన్న నేరమునకు పామర్‌నకు శిక్ష పడెను. జరిమానా చెల్లింప నిరాకరించి యతడు జైలునకు బోయి, కొన్ని దినములైన పిదప జెల్లించి వెలుపలికి వచ్చెను. మరుసటి యేడు విస్కాన్సిన్ రాష్ట్రమున లా క్రాస్ పట్టణమందు అతని శిష్యులలో నొకడు, జపానుదేశస్థుడగు షెగతారో మోరికుబో, లైసెన్సులేక ఆస్టియోపతీ చేసెనను నేరముపై విచారణకు వచ్చెను. ఆస్టియోపతీయు చేతులతో నెముకలను సర్దునదే, కైరోప్రాక్టిక్ కంటె గొంచెము ముందు పుట్టినది. ముద్దాయి తరపు న్యాయవాది టామ్ మారిస్ వాదము బహుసులభమైనది: మా కక్షిదారుడు చేసినది ఆస్టియోపతీయు గాదు, వైద్యమును గాదు, కైరోప్రాక్టిక్. శాసనమున లేని దానికి శిక్ష యెట్లు? జ్యూరీ ముద్దాయిని విడిచిపెట్టెను. న్యాయవాదుల కీ యుపాయము ముచ్చట గొలుపును. కాని దానిలోని యపాయము గమనింపుడు. మాది వైద్యము కాదన్న మాటతో శాసనమునుండి తప్పించుకొన్నవాడు, ఆ మాటతోడనే రోగియెడ వైద్యునికుండవలసిన పూచీనుండియు దప్పించుకొనగలడు. ఈ వాదము నేడు మన దేశమునను వినబడుచున్నది. దానిని మరల ప్రస్తావింతుము.

ఆ తరువాతి ముప్పది నలువది యేండ్లలో అమెరికాలో జైళ్లకు బోయిన కైరోప్రాక్టర్లు పెక్కుమంది. జరిమానా కట్టక జైలునకు బొండని వారి సంఘములే కాలిఫోర్నియాలో బ్రబోధించినవి. జైలుకు బోయినవానియందు మన జనులకు సహజముగ గౌరవము గలుగును, కలుగవలసినదే. అయినను జైలు ఒకని నిశ్చయమునకు నిదర్శనము కాగలదు గాని వాని మందునకు నిదర్శనము కానేరదు. కాలిఫోర్నియా ప్రజలు 1922లో దమ యోటుతోడనే కైరోప్రాక్టిక్ శాసనమును చేసికొనిరి. కాన్సాసు 1913లోనే మొదటి శాసనము చేసియుండెను. అందరికంటె జివర లూసియానా 1974లో లైసెన్సు నొసగెను. నడుమ నరువదియేండ్లు! ఒక రాష్ట్రమున గౌరవనీయుడైన వృత్తివాడు సరిహద్దు దాటినచో నేరస్థుడు.

ఈ కాలమున గొన్ని రాష్ట్రములు వేరొక మార్గము ద్రొక్కినవి. విస్కాన్సిన్, కనెక్టికటు 1925లో జేసిన శాసనములప్రకారము, ఏ పద్ధతి వైద్యుడైనను తన పద్ధతి పరీక్షకు ముందు శరీరనిర్మాణము మున్నగు మూలశాస్త్రములలో నందరితోబాటు నొకే పరీక్షకు గూర్చుండవలెను. నీ సిద్ధాంత మేదైనను కానిమ్ము, మెడలో నే నరము, ఏ రక్తనాళము ఎచ్చటనున్నదో తెలిసికొని రమ్మని దాని భావము. ఇవి క్రమముగ రద్దైపోయినవి. కైరోప్రాక్టర్లను వెలివేయుటకే వైద్యులు వీనిని వాడుకొనిరన్న యారోపణమును గలదు, అది నిరాధారము కాదు. అయినను అందలి మూలసూత్రము మాకు నేటికిని నచ్చుచున్నది.

వైద్యసంఘము చేసిన పనిని గూడ జెప్పకున్న ధర్మము గాదు. అమెరికన్ మెడికల్ అసోసియేషను 1963లో గపటవైద్యనిర్మూలనమునకని యొక కమిటీని నియమించి, కైరోప్రాక్టర్లతో గలసి పనిచేయు వైద్యులను నీతిబాహ్యులుగ నెంచెను. 1976లో నలుగు రైదుగురు కైరోప్రాక్టర్లు కోర్టు కెక్కిరి. 1987లో న్యాయాధీశురాలు సూసన్ గెట్జెన్‌డానర్, ఒక వృత్తివారిని బహిష్కరించుటకై కుట్రపన్ని ఆ సంఘము షెర్మన్ శాసనమును మీరినదని తీర్పు చెప్పెను. 1990లో అప్పీలుకోర్టు దానిని స్థిరపరచెను. అయితే ఆ తీర్పులోని మరియొక వాక్యార్థము విజయోత్సవములలో మరుగుపడినది. కైరోప్రాక్టిక్ శాస్త్రసమ్మతమని కోర్టు చెప్పవలెనని వాదులు కోరిరి. అది కోర్టు చెప్పదగినది కాదనియు, సరియైన శాస్త్రపరిశోధనమే చెప్పవలెననియు నామె స్పష్టపరచెను.

లైసెన్సనునది సత్యమునకు సర్టిఫికెటు కాదు. చేయి వేయువాడెవడో తెలిసియుండుటకును, తప్పు చేసినప్పుడు వానిని పట్టుకొనుటకును అదియొక పగ్గము. శాస్త్రమువారు చెప్పునదేమి? నడుమునొప్పికి మందులు లేని చికిత్సలలో వెన్నును చేతులతో సర్దుటయు నొకటిగ అమెరికా వైద్యకళాశాలవారు 2017లో సూచించిరి; దానికి గల యాధారము గట్టిదికాదనియు వారే చెప్పిరి. మెడవిషయమున మాత్రము హెచ్చరిక గలదు. మెడను వేగముగ ద్రిప్పుటకును, మెదడునకు రక్తము గొనిపోవు నాళము లోపల జీలుటకును సంబంధము కానవచ్చుచున్నదనియు, ఆ సంగతిని రోగికి ముందే చెప్పవలెననియు అమెరికా హృద్రోగసంఘము 2014లో బ్రకటించెను. అరుదైన యపాయమే. కాని సంభవించినచో పక్షవాతమో మరణమో. ఉబ్బసమునకును, శిశువుల కడుపునొప్పికిని పూసలు సర్దుట మందు అనుటకు మాత్రము నమ్మదగిన యాధారము లేదు.

ఇక విద్యార్థి మాట. ఈ చర్చలలో నెప్పుడును ప్రక్కకు నెట్టబడునది యిదియే, మా యభిప్రాయమున నసలు విషయ మిదియే.

చేతివిద్య చేతితోడనే నేర్వవలెను. పుస్తకము చదివి యీత నేర్చినవాడు లేడు. కావున విద్యార్థి యేనాడో యొకనాడు సజీవుడైన మనుష్యుని మెడపై జేయి వేయకతప్పదు. లైసెన్సు లేనివాడు చేయివేయరాదని శాసనము. లైసెన్సు రావలెనన్న జేయి వేయుట నేర్వవలెను. ఈ చిక్కును విప్పుటకు అమెరికా రాష్ట్రములు విద్యార్థికి మినహాయింపు నొసగినవి. కళాశాల చికిత్సాలయమున, లైసెన్సుగల గురువు పర్యవేక్షణమున విద్యార్థి చికిత్స చేయవచ్చును. చివరికాలమున గొందరు విద్యార్థులు కళాశాల విడిచి బయటి వృత్తివారి చికిత్సాలయములలో శిక్షణ పొందుదురు. దీనిని ప్రిసెప్టరు పద్ధతి యందురు. కాలిఫోర్నియా నియమములు చూడుడు. లైసెన్సులేనివాడు రోగనిర్ణయము చేయరాదు, పూస సర్దరాదు. లైసెన్సులేనివాడనగా నెవడు? విద్యార్థియు, కళాశాలనుండి పట్టము పుచ్చుకొని లైసెన్సు ఇంకను చేతికి రానివాడును గూడ. బోర్డువా రంగీకరించిన ప్రిసెప్టరు పద్ధతిలోనున్న విద్యార్థికి మాత్రమే మినహాయింపు.

పట్టభద్రుని సంగతి చిత్రముగ నున్నది గదా! నిన్నటి దినము విద్యార్థిగా గురువు కన్నులయెదుట జేసిన పనిని, నేడు పట్టము చేతబూని చేసినచో నేరము. విచారింపగా నిదియే న్యాయమని మాకు దోచుచున్నది. నిన్న వాని వెనుక నొక గురువుండెను. నేడు గురువు లేడు, లైసెన్సు లేదు. పూచీ వహించువా డెవడును లేని యా యంతరమునందు రోగిని బెట్టుటకు శాసనమున కధికారము లేదు.

అయితే "పర్యవేక్షణ" మనగా నేమి? శాసనములలో నీ యొక్క మాటను వ్రాసి కన్నులు మూసికొనువారు పెక్కుమంది. గురువు గదిలోనే నిలువబడి చూచుటయా? అదే కట్టడమున వేరొక గదిలో నుండుటయా? ఊరిలో నుండి ఫోనునకు బదులు చెప్పుటయా? నెలకొకసారి పుస్తకముపై సంతకము పెట్టుటయా? ఈ నాలుగింటిని పర్యవేక్షణమనియే పిలిచిన సందర్భములను వృత్తివిద్యలన్నిటను చూచుచున్నాము. మొదటిదానికిని నాల్గవదానికిని నడుమగల దూరము, బ్రతికిన మెడకును చీలిన రక్తనాళమునకును నడుమగల దూరము. కళాశాల చికిత్సాలయమున గురువునకు జీతము, విద్యార్థికి మార్కులు. అచ్చట నొకరి నొకరు కనిపెట్టియుండుట కొంత సులభము. బయటి చికిత్సాలయమున స్థితి వేరు. గురువు యజమానుడు. విద్యార్థి కూలిలేని పనివాడు. తలుపువద్ద రోగుల బారు పెరిగినకొలది గురువు కన్ను విద్యార్థి చేతినుండి రొక్కపు పెట్టెవైపునకు జారును. ఇది గురువులందరు దుర్మార్గులనుట కాదు. లాభము నొకవైపు, జాగ్రత్త నొకవైపు తూచు త్రాసును మనుష్యుని చేతి కిచ్చినప్పుడు ముల్లెటు మొగ్గునో లోకము నెరిగినవారికి జెప్పనక్కరలేదు.

విద్యార్థియెడల గూడ నన్యాయము జరుగుచుండును. పట్టము రావలెనన్న నిన్నిమార్లు పూసలు సర్దితినని లెక్క చూపవలయు ననుచో, వాడు బంధువులను స్నేహితులను బ్రతిమాలి రోగులుగ దీసికొనివచ్చును. నొప్పి లేని మెడను లెక్కకొరకు ద్రిప్పుట చికిత్స యగునా? లెక్కలు పెట్టినవాడు విద్యార్థి కాడు. పట్టుబడినప్పుడు తలవంచువాడు మాత్రము వాడే.

ఈ పంక్తులు వ్రాయువాడు న్యాయవాదవృత్తిలో బ్రవేశించిన క్రొత్తలో, సీనియరు మరియొక కోర్టులో నుండగా వాయిదా కోరుటకు బంపబడి, అడుగని ప్రశ్నకు బదులు చెప్పి, కక్షిదారునకు హానిచేసిన దినమొకటి గలదు. సీనియరుగారు మధ్యాహ్నము వచ్చి న్యాయాధిపతికి క్షమార్పణ చెప్పి, తప్పు తనదేయని యొప్పుకొని, దానిని సరిదిద్దిరి. జూనియరును బల్లెత్తుమాట యనలేదు. నాడు నాకు సిగ్గు, కక్షిదారునకు నొక వాయిదా నష్టము. కోర్టులో జరిగిన తప్పునకు పైన నింకొక కోర్టు గలదు. మెడకు అప్పీలు లేదు.

ఇంగ్లండు 1994లో కైరోప్రాక్టర్ల శాసనమును చేసి, జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలును నెలకొల్పినది. రిజిస్టరులో బేరులేనివాడు తాను కైరోప్రాక్టరునని చెప్పుకొనుట యచ్చట నేరము. చెప్పుకొనుట నేరము, చేయుట కాదు! బిరుదును కాపాడిరి గాని క్రియను కాపాడలేదు. మరియొక బేరు పెట్టుకొని యదే మెడను ద్రిప్పువానిని ఆ శాసనము ముట్టజాలదు. రిజిస్టరులోని వారి చేతిలోనైన నపాయము రాదని కాదు. 2017లో నొక వృద్ధుడు చికిత్సబల్లపై గాయపడి మరణింపగా, విచారణాధికారి ప్రథమచికిత్స శిక్షణమును గూర్చియు, చికిత్సకు ముందు ఎక్సురే మొదలగు పరీక్షలను గూర్చియు కౌన్సిలువారు యోచింపవలెనని సూచించెను. కాని యచ్చట సూచన పంపుటకొక చిరునామా యుండినది.

మనకా చిరునామా లేదు. మన దేశమున కైరోప్రాక్టిక్ కొరకు బ్రత్యేకశాసనము లేదు, కౌన్సిలు లేదు, రిజిస్టరు లేదు. విదేశములలో నాలుగేండ్లు చదివి వచ్చినవాడును, వారాంతపు తరగతిలో సర్టిఫికెటు పుచ్చుకొన్నవాడును ఒకే తీరు బోర్డు కట్టుకొనవచ్చును. 2019 నాటి జాతీయ వైద్యకమిషను శాసనములోని 34వ సెక్షను, రిజిస్టరులో లేనివాడు వైద్యుడుగ వైద్యము చేసిన నొక సంవత్సరము వరకు ఖైదో, అయిదులక్షల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని చెప్పుచున్నది. కాని మేము చేయునది వైద్యము కాదను లా క్రాస్ వాద మిచ్చటను సిద్ధముగ నున్నది. ఇక రోగి మరణించినచో? 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను ప్రకారము, నిర్లక్ష్యముచే మరణము గలిగించినవానికి అయిదేండ్ల వరకు ఖైదు. రిజిస్టరయిన వైద్యుడు చికిత్స చేయుచుండగా నట్లు జరిగినచో రెండేండ్ల వరకు. కైరోప్రాక్టరు లైసెన్సు కొరకు వైద్యుడు కాడు, శిక్ష తగ్గింపునకును వైద్యుడు కాడు. అయితే శవము లేచిన తరువాత మేల్కొను శాసనముతో మనకు దృప్తి యెట్లు గలుగును?

పర్యవేక్షణమును గూర్చి మన సుప్రీముకోర్టు 1998లోనే యొక గట్టిమాట చెప్పియున్నది. వైద్యుడు స్వయముగ నీయవలసిన ఇంజెక్షనును తగిన యర్హతలేని నర్సుచే నిప్పింపగా, నొక పసిబిడ్డ జీవచ్ఛవ మాయెను. చేయి నర్సుదైనను, ఆసుపత్రియు బూచీ వహింపవలసినదేయని కోర్టు నష్టపరిహారము విధించెను. విద్యార్థి చేతికిని గురువు పూచీకిని ఈ తీర్పుకంటె దగ్గరిదారి లేదు. కాని తీర్పు కొకరు కోర్టు కెక్కవలెను; శాసనము ఎవరును కోర్టు కెక్కకముందే తలుపువద్ద నిలువవలెను.

శాసనమన్నంతనే కొందరు దేశాభిమానులకు సంకోచము గలుగును. కారణము లేకపోలేదు. 1914 నాటి మదరాసు వైద్యుల రిజిస్ట్రేషను శాసనము పాశ్చాత్యవైద్యులను మాత్రమే రిజిస్టరున జేర్చి, మన ఆయుర్వేద, యునానీ, సిద్ధవైద్యులను బయట నిలిపినది. ఆ యవమానమునకు బదులుగ సాగిన యాందోళన ఫలితమే 1921లో నియమింపబడిన ఉస్మాను కమిటీ. రిజిస్టరు ఒక వృత్తివారి చేతిలో మరొక వృత్తివారిపై కత్తి కాగలదని మనకును, చికాగోలోని న్యాయాధీశురాలికిని తెలిసిన సంగతియే. ఇంతమాత్రమున రిజిస్టరే వలదనుట, దొంగచేతి తాళముచెవిని జూచి యింటికి తలుపే వలదనుట. 2018లో సుప్రీముకోర్టు కేరళ పారంపర్యవైద్యుల కేసులో, గుర్తింపబడిన విద్యార్హత లేక వైద్యము చేయరాదని నిస్సందేహముగ జెప్పినది.

మన పుత్తూరు కట్టును దలంపుడు. తండ్రిప్రక్కన గూర్చుండి కొడుకు నేర్చు విద్య యది. శాసనము లేదు గాని ఊరున్నది; తప్పు జరిగినచో దలుపు తట్టుటకు నిల్లున్నది, దాచుకొనుటకు వీలులేని పేరున్నది. దేశవాళీ కట్టులన్నియు నిరపాయములని మేము చెప్పము. బిగుతుకట్టువలన రక్తము పారక అవయవము కోల్పోయినవారి నెముకల వైద్యు లెరుగుదురు. అయినను ఆ పూచీలో నొక వంతైనను నగరపు అద్దాలగదికి లేదు. అద్దె కట్టలేకపోయిన నెలలో బోర్డు మాయమగును.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయకమిషను శాసనమును చేసినది. భౌతికచికిత్సకులు మొదలుగ బెక్కువృత్తులవారిని దాని అనుబంధపట్టికలో బేర్కొన్నారు. కైరోప్రాక్టిక్ అందులో లేదు. ఆ పట్టికను సవరించు నధికారము కేంద్రప్రభుత్వమునకు గలదు. దానిని వినియోగించి యీ వృత్తిని జేర్తురో, లేక యిట్టి క్రియలను భౌతికచికిత్సకులకును ఎముకల వైద్యులకును మాత్రమే పరిమితము చేయుదురో తేల్చవలెను. మౌనము మాత్రము సమాధానము గాదు. చేర్చుదురేని, ఇంగ్లండువలె బిరుదును గాక మెడను వేగముగ ద్రిప్పు క్రియనే లైసెన్సునకు లోబరుపవలెను. మూలశాస్త్రములలో నందరితోబాటు పరీక్ష యుండవలెను. పరీక్షించు మండలిలో ప్రత్యర్థివృత్తివారే నిండియుండరాదు, ఆ వృత్తివారే నిండియుండియు రాదు. విద్యార్థి మెడపై జేయి వేయునప్పుడు గురువు అదేగదిలో నుండవలెనని శాసనమే యక్షరములలో వ్రాయవలెను. ఒక గురువునకు నొకే సమయమున నెందరు విద్యార్థులో సంఖ్య నిర్ణయింపవలెను. తనపై జేయి వేయునది విద్యార్థియని రోగికి ముందుగ, తెలుగువానికి దెలుగున, చెప్పి సమ్మతి పొందవలెను. వలదన్నచో గురువే చేయవలెను. చేయి విద్యార్థిదైనను తప్పు గురువు రిజిస్టరుపేరున బడవలెను.

ఆంధ్రప్రదేశమునుండియు తెలంగాణమునుండియు డిల్లీకి బోయిన పార్లమెంటుసభ్యులలో నొక్కరైనను వచ్చు సమావేశమున నీ ప్రశ్న నారోగ్యమంత్రి నడుగుదురా? వ్రాతమూలకమైన ప్రశ్న వేయుటకు ఖర్చు లేదు. జవాబు వచ్చిననాడు దానిని యథాతథముగ నీ పుటలో బ్రకటింతుము.